ట్యాంకు మూతికి కట్టిన వాసెన

మా ఇంట్లో కారు ఒక్కటే. దాన్ని నడిపే ఆడవాళ్ళం ఇద్దరం. తంటా అంతా అక్కడే వచ్చింది.

ఒకదాన్ని నేను, ఇంటికి పెద్ద కోడలిని. రెండోది నా మరిది భార్య. తోడికోడలిని మా వైపు యారాలు అంటాం. నా యారాలు నాకంటే బాగా చిన్నది. పది దాకా చదివింది. నవ్వితే ఎడమ చెంప మీద సొట్ట పడుతుంది. ఆ సొట్ట సంగతి ఎందుకు రాస్తున్నానంటే, మా ఇంట్లో సగం పనులు ఆమెకు దానివల్లే జరిగిపోయేవి. నేను నాలుగుసార్లు పిలిచినా కదలని మనుషులు ఆమె ఒక్కసారి నవ్వితే లేచి నిలబడేవాళ్ళు.

మా ఊరు టేకుమట్లకు దగ్గర. పత్తి, మిరప వేస్తాం. మరిది బొగ్గు గనిలో షిఫ్టులు చేస్తాడు, ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రే. మా ఆయనకు కళ్ళలో పొర వచ్చి, ఆపరేషన్ అయ్యాక కూడా ఎదురు వెలుతురు పడదు. ఆయన ఎప్పుడో మోజుపడి కొన్న పాత పెట్రోల్ కారు అలా మా ఇద్దరి చేతికి వచ్చింది.

ముందు నేర్చుకున్నది నేనే. లైసెన్సు కావాలంటే రోడ్డు గుర్తులు చెప్పాలి, బోర్డులు చదవాలి అన్నారు. నాకు అప్పటికి ఒక్క అక్షరం రాదు. పెళ్ళయిన కొత్తలో మా ఆడబిడ్డ నన్ను "ఏలిముద్రల వదినె" అని నవ్వులాటకు పిలిచేది. ఆ నవ్వులాట చాలా ఏళ్ళు సాగింది. యాభై దాటాక అక్షరాలు దిద్దాను. దిద్దించింది యారాలే. పొద్దంతా పత్తి ఏరి వచ్చి, అన్నం తిన్నాక, అరుగు బండ మీద సుద్దముక్కతో రాసి చూపించేది. అందుకు నేను ఆమెకు మొక్కాలి. మొక్కుతాను కూడా. కానీ ఇంట్లో ఎవరైనా నేను పేపరు చదువుతుంటే చూసి, "చిన్నది నేర్పింది" అని ఆమెనే మెచ్చుకునేవాళ్ళు. నేర్చుకున్న దాన్ని నేను కానట్టు.

కారు మాత్రం నాది అనుకున్నాను. బర్రెలు అత్తవి, చేను మా ఆయనది, కొడుకు వాడి పెళ్ళానికి పోయాడు. డ్రైవర్ సీటు ఒక్కటి నాది. భూపాలపల్లి బోర్డు నా అంతట నేను చదువుకుని మలుపు తిప్పిన రోజు, బండి దిగాక కూడా నా చేతులు స్టీరింగు పట్టుకున్నట్టే ఉన్నాయి.

మరుసటేడు యారాలు కూడా నేర్చుకుంది. నాకు ఒక ఎండాకాలమంతా పట్టింది. ఆమెకు వారం చాలింది. ఒక చేయి కిటికీ మీద వేసుకుని, చూయింగ్ గమ్ నములుతూ నడిపేది.

ఆ కారులో పెట్రోల్ ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. ఎంత ఉందో తెలియాలంటే ట్యాంకు మూత తీసి, సన్న వెదురు బద్ద ముంచి, ఎంత మేర తడిసిందో చూడాలి. ఎవరు బండి తీస్తే వాళ్ళు ముందు బద్ద ముంచి చూడాలని ఇంట్లో కట్టుబాటు. ఒకసారి యారాలు బంకులో మూత తీసి కారు మీద పెట్టి, మర్చిపోయి నడుపుకుంటూ వచ్చేసింది. మూత ఏ పొలంలో పడిందో తెలియదు. అదే నేను పోగొట్టి ఉంటే ఏడాదిపాటు చెప్పుకునేవాళ్ళు. ఆమె నవ్వింది, మా ఆయన కూడా నవ్వాడు. అంతే. అంత పాత బండికి మూత దగ్గరలో ఎక్కడా దొరకలేదు.

మూత లేని ట్యాంకును వదిలేయగలమా? పత్తి తీసే కాలం. కొట్టం నిండా పత్తి పోసి ఉంది, కారు నిలిపేది ఆ కొట్టంలోనే. ఎటు చూసినా నూగు ఎగురుతుంటుంది. ఎరువు బస్తా లోపలి మందపాటి కవరు రెండు మడతలు పెట్టి, సైకిల్ ట్యూబు కోసిన పట్టీతో ట్యాంకు మూతికి నేను వాసెన కట్టాను. పచ్చడి జాడీకి కట్టినట్టే. వాసెన కట్టడంలో మా ఇంట్లోనే కాదు, మా వాడకట్టులోనే నాకు పేరుంది. నేను కట్టిన జాడీలో ఏడాది తిరిగినా బూజు పట్టదు. మూడు చుట్లు చుట్టి, చివర లోపలికి దోపి, బొటనవేలితో నొక్కి చూస్తాను. చీమ దూరదు.

యారాలు బండి తీసినప్పుడు ఒక్క చుట్టు చుట్టి వదిలేసేది. పక్కన వేలు దూరేంత సందు. "నూగు పోతది పిల్లా" అంటే, "పోతే పోనీ అక్కా, అది గూడ తాగుతది" అనేది.

ఆ తరువాతే కారు దగ్గడం మొదలుపెట్టింది. నేను నడిపినప్పుడు మాత్రమే.

మొదటిసారి కాటారం పోతున్నాం, విత్తనాల పని మీద. పక్కన మా ఆయన. భూపాలపల్లి దాకా బాగానే వచ్చింది. అడవి తొవ్వ మొదలయ్యాక, ఒక లారీని దాటుదామని ఆక్సిలేటర్ తొక్కితే బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగింది. తరువాత ఒక్క గుంజు గుంజింది. ఇంకా గట్టిగా తొక్కితే ఇంకా మందగించింది. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి.

"ఏందే గట్ల తొక్కుతవ్? క్లచ్ మీద కాలు తియ్యి!"

"తీసిన. దానికే ఊపిరి అందుత లేదు."

"పెట్రోల్ అయిపోయిందేమో, దిగి చూడు."

దిగి, వాసెన విప్పి, బద్ద ముంచాను. సగానికి తడిసింది. విప్పుతుంటే స్స్‌మని చప్పుడు వచ్చింది. ఎండకు పెట్రోల్ ఆవిరి బయటికి వస్తోందనుకున్నాను. ఆవిరి పోనివ్వకూడదని ఇంకొంచెం బిగించి కట్టాను. మళ్ళీ స్టార్ట్ చేస్తే బండి పెళ్ళికూతురిలా నడిచింది.

"సూసినవా," అన్నాడు మా ఆయన. "పెట్రోల్ ఉన్నది. బండి మంచిగున్నది. నీ కాలే ఆగమైతున్నది."

తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ అదే దగ్గు.

మరునాడు యారాలు మా అత్తను పంటి డాక్టరు దగ్గరికి భూపాలపల్లి తీసుకుపోయింది. సాయంత్రం అత్త దిగుతూనే వాకిట్లో నిలబడి అందరికీ వినబడేలా చెప్పింది: "ఒళ్ళె చెంబు వెట్టుకున్నా నీళ్ళు తొణకయి. గట్ల తెచ్చింది పిల్ల. బండి గూడ మనిషిని సూస్తదే పెద్దదానా."

ఆ మాట నాకు రెండు రోజులు అన్నం సహించకుండా చేసింది. మనుషులు ఆమె వైపు మొగ్గితే అర్థం చేసుకోవచ్చు, సొట్ట ఉంది. ఇనుముకు ఏముంది? మూత పోగొట్టింది ఆమె, నిర్లక్ష్యంగా కట్టేది ఆమె, కడిగేది మాత్రం నేను. ప్రతి ఆదివారం పాత చీర గుడ్డ తడిపి అద్దాలు తుడిచేది నేను. అయినా కారు ఆమె మాటే వింటోంది. పొద్దున ఆమె తాళం వేలికి తిప్పుకుంటూ పోతుంటే, దారిలో ఎక్కడైనా ఆగిపోవాలని, రెండు అడుగులైనా తోసుకుంటూ రావాలని నేను నోట్లో అనుకునేదాన్ని. ఆగేది కాదు.

"అక్కా, నువ్వు దాన్ని బెదిరిస్తవ్," అంది ఒకరోజు. "జర ముద్దుగ తొక్కాలె."

"నాకు ముద్దులు నేర్పకు," అన్నాను.

మా తల్లిగారి ఊరు మహబూబాబాద్ పక్కన. అక్కడ మా తమ్ముడి ఎరుకలో ఒక మెకానిక్ ఉంటే, మా ఆయనను ఎక్కించుకుని బండిని అక్కడికి నడిపాను. దారిలో ఎన్నిసార్లు దగ్గిందో. మెకానిక్ అంతా విన్నాడు. వాసెన విప్పి బద్ద ముంచి చూసి, కవరు బల్ల మీద పెట్టి, బండి తీసుకుని ఊరు చుట్టి వచ్చాడు.

"మస్తు నడుస్తున్నది గదక్కా."

"నీ దగ్గర నడుస్తది. నా దగ్గర నడువది."

"పెట్రోల్ అందక గుంజుతది గిట్ల. కచరా ఉంటది లోపల, సన్న బెజ్జం మూసుకుంటది."

కార్బురేటర్ విప్పి కడిగాడు. పెట్రోల్ పైపు నోటితో ఊది చూశాడు. ఫిల్టర్ కొత్తది వేశాడు. పాత ఫిల్టర్ చూపిస్తే నేను అనుకున్నంత మురికి లేదు. నా వాసెన చూసి, "కవర్ కట్టింది మంచిదైందక్కా, దుమ్ము పోదు" అన్నాడు. నాకు సంతోషమైంది. ఇంటికి వచ్చేటప్పుడు మళ్ళీ మూడు చుట్లు చుట్టాను. నర్సంపేట రాకముందే బండి దగ్గింది.

మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు, "కార్బురేటర్ కాదు, ఫిల్టర్ కాదు. ఇగ మిగిలింది నీ కాలే."

అప్పుడే జనగామలో మా ఆడబిడ్డ ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచింది. చుట్టాలంతా వస్తారు. ఏలిముద్రల వదినె అని నవ్విన వాళ్ళంతా ఆ గేటు దగ్గరే ఉంటారు. ఆ గేటు ముందు బండి ఆపి, డ్రైవర్ వైపు తలుపు తీసుకుని నేను దిగాలి. నాకు కావలసింది అదొక్కటే.

తాళం నాకే కావాలని పట్టుబట్టాను. మా ఆయన ఒప్పుకున్నాడు గానీ, అత్త కూడా వస్తోంది కాబట్టి షరతు పెట్టాడు.

"తొవ్వల రెండుసార్లు దగ్గిందంటే తాళం చిన్నదానికి. వచ్చినంక గూడ ఆమెనే తోలుతది. అవ్వను వెట్టుకొని అడివిల ఆగిపోతే ఎవలకు చెప్పుకోవాలె?"

పొద్దున్నే బయలుదేరాం. ముందు సీట్లో మా ఆయన, వెనక అత్త, యారాలు. అత్త కాళ్ళ దగ్గర కొత్త నూనె డబ్బా, బిడ్డ ఇంట్లో వంటకు. మరిది పొద్దు షిఫ్టులో ఉన్నాడు. బద్ద ముంచి చూసి నేను వాసెన కట్టాను. ఆ రోజు నాలుగు చుట్లు.

పరకాల దాటాక మొదటి దగ్గు. ఆగి, విప్పి చూసి, మళ్ళీ కట్టి పోయాం. హనుమకొండ పొలిమేరలో రెండోది. బండి నడిరోడ్డు మీద గుంజుతుంటే ఆటోలవాళ్ళు తిట్టుకుంటూ పోతున్నారు. పక్కకు ఆపాను. మా ఆయన చెయ్యి చాపాడు. తాళం తీసి ఆ చేతిలో పెట్టాను.

యారాలు బంకులో ట్యాంకు నిండా పోయించింది. ఒక్క చుట్టు చుట్టింది. బండి మల్లెపూవులా కదిలింది. వెనక సీట్లో అత్త పక్కన కూర్చుని నేను ఆమె మెడనే చూస్తున్నాను. జడలో పూలు, చెవి వెనక చెమట కూడా లేదు. గేర్ మార్చితే తెలియడం లేదు. ఆ చేతిని కొరకాలనిపించింది, నిజంగా.

అత్త తన ధ్యాసలో తాను నూనె డబ్బాను కాలితో తట్టి చెప్పింది: "వంటోనికి చెప్పాలె. ఒక్క బెజ్జం కొట్టి గుడగుడ గుంజుతడు. నూనె రాదని డబ్బను ఊపుతడు. గీ మూలకొకటి గా మూలకొకటి కొడితే ధార వడ్తది."

నా చూపు యారాలి మెడ మీది నుంచి డబ్బా మీదికి దిగింది. డబ్బాకు రెండు బెజ్జాలు ఎందుకు కొడతామో మా ఇళ్ళలో చిన్నపిల్లకు కూడా తెలుసు. ఒకదాంట్లోంచి నూనె బయటికి పోవాలంటే, ఇంకోదాంట్లోంచి గాలి లోపలికి రావాలి. ట్యాంకులోంచి ఇంజను పెట్రోల్ తాగుతోంది. దాని జాగాలోకి గాలి ఎటు నుంచి పోతుంది? చీమ దూరకుండా కట్టాను గదా.

అప్పుడు ఆ స్స్‌ చప్పుడు గుర్తు చేసుకున్నాను. ఆవిరి బయటికి తోసుకు వస్తే కవరు పూరీలా ఉబ్బాలి. నేను విప్పిన ప్రతిసారీ అది ఉపవాసమున్న కడుపులా లోపలికి గుంటపడి ఉంది. అది ట్యాంకు గాలి పీల్చుకున్న చప్పుడు. పెట్రోల్ ఉందా లేదా అని విప్పి చూసిన ప్రతిసారీ మేమే దానికి ఊపిరి ఇచ్చాం. మళ్ళీ నేనే గొంతు బిగించాను. మెకానిక్ తిప్పినప్పుడు కవరు బల్ల మీద ఉంది. యారాలు తిప్పినప్పుడు సందు ఉంది.

నోరు మూసుకుని ఉండొచ్చు. ఉంటే జనగామ గేటు దగ్గర ఆమె దిగుతుంది. చెబితే, ఆమె అలసత్వమే మంచిదైంది, నా పనితనమే చెడ్డదైంది అని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. రెండూ మింగుడు పడలేదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో చాయ్‌కి ఆపారు. గ్లాసు చేతిలో పట్టుకునే అన్నాను:

"నా కాలు కాదు, ఆమె చెయ్యి కాదు. కవరుది తప్పు. ఇప్పుడు నేను నాలుగు చుట్లు కడ్త. ఆమెనే తోలాలె. అప్పుడు గూడ దగ్గకుంటే నేను మళ్ళ ఆ సీట్ల కూసోను."

"నీకేమన్న పిచ్చా?" అన్నాడు మా ఆయన. "మంచిగ నడిచేదాన్ని ఖరాబ్ చేస్తనంటవ్?"

"పాలు పొంగే యాల్లకు పోవాలె," అంది అత్త. "మీ పరీచ్చలు పాడుగాను."

యారాలు నవ్వింది. "కట్టనియ్యి బావా. అక్క ముడి ఎంత గట్టిదో నేను గూడ చూస్త."

నేను కట్టాను. అంత బిగువుగా పచ్చడికి కూడా ఎప్పుడూ కట్టలేదు. ట్యూబు పట్టీ గుర్తు నా వేళ్ళ మీద పడింది. వెనక కూర్చుని, బతుకులో మొదటిసారి, ఒక బండి చెడిపోవాలని పైకి కనబడకుండా మొక్కుకుంటూ పోయాను. రఘునాథపల్లి వచ్చింది. ఏమీ కాలేదు. దాటింది. ఏమీ కాలేదు. యారాలు అద్దంలోంచి నన్ను చూసి కనుబొమ్మలు ఎగరేసింది.

ఒక బస్సును దాటబోయి ఆమె ఆక్సిలేటర్ తొక్కింది. బండి ఊపిరి బిగబట్టింది. గుంజింది. అత్త తల ముందు సీటుకు తగిలింది. యారాలు ఇంకా తొక్కింది, బండి ఇంకా చతికిలబడింది. కిటికీ మీది చెయ్యి తీసి రెండు చేతులతో స్టీరింగు పట్టుకుంది. చెవి వెనక చెమట పట్టింది.

"అమ్మో అమ్మో, ఏంది గిది!"

"ముద్దుగ తొక్కు," అన్నాను.

ఆ ఒక్క మాట అనడానికి నేను ఎన్ని నెలలు ఆగానో.

పక్కకు ఆపాక అందరినీ దింపి చూపించాను. కవరు గుంటపడి, బిర్రుగా ఉంది. వేలితో ఒక అంచు లేపాను. స్స్‌మంది. మా ఆయన చెవి దగ్గర పెట్టి విన్నాడు. కవరు సందులోకి పోయే గాలి తన చేతి మీది వెంట్రుకలను లాగడం ఆయనకు తగిలింది. "నూనె డబ్బ లెక్కనే" అన్నాడు. ఆయనకు అది తట్టడానికి డబ్బా పక్కనే ఉంది గదా.

కవరు మధ్యలో పిన్నీసుతో ఒక బెజ్జం పొడిచి, మళ్ళీ కట్టాను. తాళం ఆమె చేతిలోంచి తీసుకున్నాను. ఇవ్వమని అడగలేదు.

జనగామలో గేటు ముందు బండి ఆపాను. పాలు అప్పటికే పొంగాయి, సగం చుట్టాలు లోపల టిఫిన్ల దగ్గర ఉన్నారు. మా ఆడబిడ్డ పరుగున వచ్చి, డ్రైవర్ వైపు నేను దిగడం చూసి ఆగింది.

"వదినె, నువ్వే తోలినవా జనగామ దాక?"

నేను నోరు తెరిచేలోపు యారాలు వెనక నుంచి దిగుతూ అంది: "అక్కనే తోలింది! నేను తోలితే నడితొవ్వల ఆగింది. ఏం బీమారో మెకానిక్‌కు గూడ ఎరుక లేదు, అక్క కనిపెట్టింది."

అందరూ ఆమె చెప్పే తీరుకు నవ్వుతూ ఆమె చుట్టూ చేరారు. బండి ఎట్లా గుంజిందో, అత్త తల ఎట్లా తగిలిందో చేతులు తిప్పి చెబుతోంది. నా గెలుపు కథ ఆమె నోట్లో ఎంత బాగుందంటే, నేను చెప్పడానికి ఏమీ మిగలలేదు.

మరునాడు మా ఆయన జనగామలోనే ఒక పాత సామాన్ల దుకాణంలో అసలు మూత సంపాదించాడు. దాని లోపలి వైపు గాలి పోవడానికి సన్న దారి ఉంది. ఇప్పుడు ఎవరు నడిపినా ఒకటే. తిరుగు ప్రయాణానికి అందరం బండి దగ్గర నిలబడ్డాం. తాళం నా రొంటినే ఉంది. అడిగితే ఏం చెప్పాలో రాత్రే అనుకుని పెట్టుకున్నాను. గట్టి మాటలే అనుకున్నాను.

యారాలు వెనక తలుపు తీసి ఆవులించింది. "అక్కనే తోలని బావా. నాకు నిద్రొస్తున్నది."

అంతే. నేను అంత కొట్లాడి తెచ్చుకున్నది ఆమెకు ఒక కునుకు కంటే తక్కువ. ఎక్కింది, అత్త భుజం మీద తల వాల్చింది, హనుమకొండ రాకముందే నోరు తెరుచుకుని నిద్రపోయింది. అత్త ఆమె ముఖం మీద ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టింది.

బండి ఒక్కసారి కూడా దగ్గలేదు. పరకాల దగ్గర మలుపును నేను ఎంత మెత్తగా తిప్పానంటే, మా ఆయన కూడా తల ఊపాడు. ఆమె చూసిందేమోనని అద్దంలోకి చూశాను. లేవలేదు. ముందు గుంట ఏమీ లేదు గానీ, ఒకసారి బ్రేకు కొంచెం గట్టిగానే తొక్కాను.